శ్రీహరికోట రాకెట్టు, తిరుపతి విద్య

2022లో ఏర్పడిన తిరుపతి జిల్లాలో శ్రీహరికోట చేరినది. రాకెట్టు లేచినపుడెల్ల సూళ్లూరుపేట ప్రాంతపు జనులు మిద్దెలెక్కి చూచుట పరిపాటి. పొగ చెదరినంతనే ఆ ముచ్చటయు చెదరిపోవుచున్నది. పైకి పోయిన సాధనము ఏమి కనుగొన్నదని అడుగువారు అరుదు. ఈ యుదాసీనత మన విద్యాలయములకు తగదని మా యభిప్రాయము.

ఒక్క నిదర్శనము చాలును. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుండి 'ఆస్ట్రోశాట్' అను ఉపగ్రహము పంపబడినది. అందలి అతినీలలోహిత దూరదర్శిని అద్దము సుమారు 38 సెంటీమీటర్లు. అమెరికావారి 'హబుల్' అద్దము 2.4 మీటర్లు. అయినను 930 కోట్ల కాంతి సంవత్సరముల దూరమందలి యొక గెలాక్సీనుండి వచ్చిన తీవ్రమగు అతినీలలోహిత కిరణములను పట్టుకొన్నది మన చిన్న యద్దమే. 2016 అక్టోబరులో 28 గంటలకు పైగా జరిగిన యీ పరిశీలన ఫలితమును పూనా శాస్త్రజ్ఞుడు కనక్ సాహా బృందము 2020లో ప్రకటించినది. మన సాధనపు గ్రాహకమందు అలజడి మిక్కిలి తక్కువ యగుటయే యీ విజయమునకు కారణము.

దీని విలువ యేమి? విశ్వము పుట్టి సుమారు 1380 కోట్ల యేండ్లు. ఆదియందు ఉదజని వాయువు తెరవలె కమ్మియుండెను. తొలి గెలాక్సీలలో జనించిన నక్షత్రముల ప్రచండ కిరణములే ఆ వాయుకణములను భేదించి తెర తొలగించినవని శాస్త్రజ్ఞుల భావము. విశ్వజననమునకు పిమ్మట 29 కోట్ల యేండ్లకే ఉజ్జ్వలముగా వెలిగిన గెలాక్సీని 'వెబ్' దూరదర్శిని చూపినట్లు 2024లో వెల్లడియైనది. అంత స్వల్పకాలమున అన్ని నక్షత్రము లెట్లు పుట్టినవి? వాయువు అనుకొన్నదానికంటె వేగముగా నక్షత్రములైనదా? చర్చ సాగుచున్నది. అంత దూరపు గెలాక్సీల ఆ ప్రచండ కిరణములు నడుమనున్న ఉదజనిలోనే యింకిపోవును గాన మనకు చేరవు. కావున ఆస్ట్రోశాట్ చూచినట్టి సమీపకాలపు గెలాక్సీలే యిందుకు సాక్షులు.

పెద్ద దూరదర్శిని లేనిదే ఖగోళశాస్త్రము మన కేల యని కొంద ఱందురు. ఈ మాట నిలువదు. ఆస్ట్రోశాట్ సమకూర్చిన వివరములు నియమితమగు గడువు పిమ్మట సర్వులకు అందుబాటులో నున్నవి. వానిని శోధించుటకు కంప్యూటరును, దారి చూపు గురువును చాలును. తిరుపతిలో 1954 నుండి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము, 2015 నుండి ఐసరు, ఐ.ఐ.టి. కలవు. ఇవి చిత్తూరు, తిరుపతి జిల్లాల కళాశాలల విద్యార్థులను చేరదీసి యీ పనిలో తర్ఫీదు చేయవలయును; ఫలితములను తెలుగున ప్రజలకు వినిపింపవలయును. విద్యాభిమానులగు భూస్వాములును, వర్తకులును ఇందుకు వేతనము లేర్పఱచిన నది సద్వ్యయమే యగును.

5 ఏండ్లకై ఉద్దేశింపబడిన ఆస్ట్రోశాట్ ఆ గడువును ఎన్నడో దాటినది. అది యుండగానే మన యువకులు దానిచే ప్రయోజనము పొందవలదా? నారు పోసి, నీరు పెట్టి, కోతనాడు పొలమునకు పోని రైతు మన జిల్లాలో ఉండునా?