ఆ తుపాకి కట్టెను కోయొద్దబ్బీ

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున మా అన్న కొడుకు టెక్సాస్ నుంచి వీడియో కాల్ చేసినాడు. వాళ్ళకు అప్పుడు శనివారం రాత్రి. "చిన్నాయనా, నీకొక వస్తువు చూపిస్తా చూడు" అని ఫోను బల్ల మీదికి తిప్పినాడు. బల్ల మీద ఒక పాత రైఫిలు పండుకోని ఉండాది.

చూస్తానే గుర్తు పట్టినాను. కాలేజీలో ఎన్‌సీసీ చేసినోళ్ళు ఎవరైనా పడతారు. గొట్టం కొస దాకా కప్పిన కట్టె, ముందర మొండి ముక్కు, కింద పది తూటాల మేగజీను. మా కాలంలో అందరూ త్రీ నాట్ త్రీ అనే లీ ఎన్‌ఫీల్డ్. "వెనక్కి తిప్పు, బోల్టు కింద ఇనుము మీద ఏం కొట్టుందో చదువు" అన్నాను. కిరీటం బొమ్మ, దాని కింద జీ.ఆర్.ఐ., ఇషాపూర్, 1943 అని చదివినాడు. ఆ మూడు అక్షరాలు ఆరో జార్జి రాజువి. ఇషాపూర్ అంటే కలకత్తా పక్కన ఉన్న రైఫిల్ ఫ్యాక్టరీ. బెంగాల్లో పుట్టిన తుపాకి టెక్సాస్‌లో మావోడి బల్ల మీదికి చేరింది.

అక్కడ అది చట్టప్రకారం కొనుక్కున్నదే. తప్పేమీ లేదు. తర్వాత వాడు చెప్పిన మాట దగ్గరే నాకు కడుపులో కలుక్కుమన్నది. "ముందరి కట్టె సగానికి కోసేసి, గొట్టం కాస్త పొట్టి చేసి, నల్ల ప్లాస్టిక్ కట్టె వేసి, పైన దుర్భిణి బిగిస్తా. పాత పాలిష్ అంతా గీకేసి కొత్తగా రంగు పట్టిస్తా. నాలుగు వారాల పని" అన్నాడు. వాడు మెకానికల్ ఇంజనీరు. చేతిలో పనితనం ఉంది, షెడ్డు ఉంది, పనిముట్లు ఉన్నాయి. ఉత్సాహం కూడా ఉంది. ఆ ఉత్సాహాన్ని చంపాలని నాకు లేదు. కానీ ఆ రంపం గురించి నాలుగు మాటలు చెప్పాలనిపించింది. వాడికి ఫోన్లో సగమే చెప్పినాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఇది తుపాకి ఒక్కదాని సంగతి కాదు.

ముందు వాడి పక్షం చెప్పాలి. వాడన్నది ఇదీ: "లక్షల్లో చేసిన తుపాకి చిన్నాయనా. ఒకటి కోస్తే ఏం మునిగిపోతుంది? నా డబ్బుతో కొన్నాను. గాజు పెట్టెలో పెట్టి చూసుకోడానికి కొనలేదు, వాడుకోడానికి కొన్నాను." ఈ వాదానికి బలం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయినాక బ్రిటన్, అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాల్లో మిగిలిపోయిన సైన్యం తుపాకులు చవగ్గా అమ్మినారు. అమెరికాలో 1968 చట్టం వచ్చేదాకా పోస్టులో తెప్పించుకోవచ్చు. కొత్త వేట తుపాకి కొనలేని రైతులు, కూలీలు వాటిని కొని, బరువు తగ్గడానికి కట్టె కోసి, గొట్టం తగ్గించి వాడుకున్నారు. ఆ పనికి స్పోర్టరైజింగ్ అని పేరే పడింది. వాళ్ళను నేను తప్పు పట్టను. కడుపు కోసం, పంట కోసం చేసిన పని అది. అప్పుడవి నిజంగానే కుప్పలుగా పడి ఉండేవి.

ఇప్పుడు అలా లేదు. రెండు తరాలు కోసినాక, కోయకుండా మిగిలినవే అపురూపమైనాయి. ఒకప్పుడు అందం అనుకొని కోసినవాళ్ళ మనవళ్ళు ఈరోజు పాత కట్టె ముక్కల కోసం వెతుక్కుంటున్నారు, తాత కోసినదాన్ని మళ్ళీ మొదటి రూపానికి తెచ్చుకోవాలని. కోసిన కట్టెకు ఇంకో కట్టె దొరకవచ్చు. కోసిన గొట్టం పెరగదు, గీకేసిన ముద్ర తిరిగి రాదు.

"అయితే మార్పు అనేదే తప్పా?" అని వాడు అడిగినాడు. కాదు. ఇక్కడే నా అసలు మాట ఉంది. ఆ తుపాకుల మీద ప్రభుత్వాలు, సైన్యాలు చేసిన మార్పులు బోలెడు. అవి చరిత్ర. వాటిని చదవడం వస్తే పుస్తకం అక్కర్లేదు.

1857 సంగతి అందరికీ తెలుసు. కొవ్వు పూసిన తూటాలు, ఎన్‌ఫీల్డ్ రైఫిలు, సిపాయిల తిరుగుబాటు. తర్వాత ఏమైందో చాలామందికి తెలియదు. గొట్టం లోపల మెలి తిరిగిన గాళ్ళు ఉంటేనే గుండు దూరం, నేరుగా పోతుంది. ఆ గాళ్ళున్న తుపాకి ఇక మన సిపాయి చేతికి ఇవ్వకూడదని తెల్లవాళ్ళు తీర్మానించుకున్నారు. 0.577 అంగుళాల గొట్టాన్ని లోపల తొలిచి సుమారు 0.65 చేసి, గాళ్ళు చెరిపేసి, గురి చూసే పలకను కూడా మామూలుది చేసి, 1858 నమూనా అని పేరు పెట్టి ఇచ్చినారు. తొలిచిన గొట్టం పల్చబడి సొట్టలు పోతుంటే, మరుసటి ఏడాది నమూనాలో మందం గొట్టం చేసినారు. ఒక ప్రభుత్వం తన సిపాయిని ఎంత నమ్మిందో తెలుసుకోవాలంటే ఆ గొట్టంలోకి తొంగి చూస్తే చాలు.

మావోడి రైఫిలు జాతిలోనే ఇంకో ఉదాహరణ. త్రీ నాట్ త్రీ రైఫిళ్ళను కొన్నిటిని ఇషాపూర్‌లోనే .410 మస్కెట్లుగా మార్చినారు. గాళ్ళు తీసేసినారు, మేగజీను ఖాళీలో ఒక చెక్క దిమ్మ దిగ్గొట్టినారు. ఇక ఒకసారికి ఒక్క తూటానే. పోలీసులకు, కాపలావాళ్ళకు ఇచ్చేదానికి. గుంపు చేతిలో పడినా అది వరసగా పేలకూడదు. ఇవి తర్వాత అమెరికాకు పోయినాయి. అక్కడి సరదా పనివాళ్ళు కొందరు ఆ దిమ్మ పీకి పారేసి, బజారులో దొరికే తూటాలు పట్టేలా మళ్ళీ తొలిచినారు. వాళ్ళకది అడ్డంగా ఉన్న చెక్క ముక్క. నాకు మాత్రం ఆ తుపాకిలో అసలు విషయమే ఆ చెక్క ముక్క.

మావోడిని మేగజీను దగ్గర కట్టెను చూడమన్నాను. అడ్డంగా ఒక స్క్రూ ఉంది. "ఇదెవడో మధ్యలో రిపేరు చేసినట్టుండాడు, తీసేసి పూడ్చేస్తా" అన్నాడు. ఒరే, దానికి ఇషాపూర్ స్క్రూ అని పేరే ఉంది. పల్చని కట్టె చీలిపోకుండా పట్టి ఉంచేదానికి మన ఫ్యాక్టరీ వాళ్ళు వేసినది. ఇంగ్లండ్‌లో గీసిన నమూనాకు మన కార్మికుడు జోడించిన మాట అది. దాన్ని పూడ్చేస్తే ఆ తుపాకి ఏ ఊరిదో చెప్పే నోరు మూసినట్టే.

మీరు అడగవచ్చు, తుపాకి మీద ఈయనకింత ప్రేమ ఎందుకని. ప్రేమ తుపాకి మీద కాదు. మా తాత మద్రాస్ శాపర్స్‌లో పనిచేసినాడు. బెంగళూరులో శిక్షణ అయినాక బర్మా పోయి వచ్చినాడు. వంతెనలు కట్టే దళమైనా భుజాన రైఫిలు ఉండేది. అది ఇలాంటిదే. ఇదే అని నేను అనడం లేదు, లక్షల్లో ఇదొకటి. కానీ తాత మాకు చెప్పిన సైన్యం కబుర్లన్నీ ఆ రైఫిలు చుట్టూనే. బట్టులో ఇత్తడి మూత తీస్తే లోపల చిన్న ఇత్తడి నూనె బుడ్డి, పుల్ త్రూ తాడు ఉండేవట. కాల్పులయినాక గొట్టంలో సలసల కాగిన నీళ్ళు పోయకపోతే తెల్లారేసరికి తుప్పు పట్టేదట. ఆ కాలం తూటాల మందులో ఉప్పు మిగిలేది మరి. ముసలితనంలో కూడా గొడ్డలి, కొడవలి పని కాగానే నూనె గుడ్డతో తుడిచి పెట్టేవాడు.

తాత తెచ్చుకున్నది ఒక ఇనుప పెట్టె. నల్ల రంగు, మూత మీద తెల్ల అక్షరాలతో తాత పేరు, సైన్యం నంబరు. నాకు ఇరవై ఏళ్ళప్పుడు మా అక్క పెండ్లికి ఇల్లంతా సున్నం కొడుతుంటే, ఈ పెట్టె పాతదిగా ఉందని నేనే గరుకు కాగితంతో రుద్ది, పచ్చ పెయింటు కొట్టినాను. బాగుందని అందరూ మెచ్చుకున్నారు. తాత అప్పటికే పోయినాడు. జేజి మాత్రం ఆ పెట్టెను చాలాసేపు చూసి లోపలికి వెళ్ళిపోయింది. ఏమీ అనలేదు.

చాలా ఏండ్లకు, తాత ఏ కంపెనీలో ఉన్నాడు, ఎక్కడెక్కడ తిరిగినాడు అని పిల్లలు అడిగితే రికార్డుల కోసం జాబు రాసినాము. నంబరు పంపండి అన్నారు. నంబరు ఎక్కడిది? పెట్టె మీద ఉండేది. నేను రుద్దేసినాను. ఇంట్లో ఒక్క కాగితం లేదు. ఆ పేరుతో ఆ కాలంలో ఎంతమందో. అంతటితో ఆగిపోయింది.

కాబట్టి మావోడికి నేను చెప్పేది పెద్ద సిద్ధాంతమేమీ కాదు. వెనక్కి తీయగలిగిన పని చెయ్యి, తీయలేనిది చెయ్యొద్దు. ప్లాస్టిక్ కట్టె కావాలా, వేరేది కొని బిగించుకో, అసలు కట్టెను గుడ్డలో చుట్టి అటక మీద పెట్టు. దుర్భిణి కావాలంటే రంధ్రం వేయకుండా బిగించే పట్టీ దొరికితే పెట్టుకో. ముద్రల మీద ఆకురాయి పెట్టొద్దు. బోల్టు మార్చొద్దు. బోల్టు నంబరు, గొట్టం నంబరు ఒకటే ఉండడం ఊరికే కాదు, వాటిని ఒకదానికొకటి సరిపెట్టినారు. ఆ సందు తప్పితే ప్రాణానికే ముప్పు. ఇంకో మాట, ఈ రైఫిలు గొట్టం సన్ననిది, కట్టె పట్టుకొని ఉంటేనే గురి నిలుస్తుంది. ముందు కట్టె కోస్తే అందం సంగతి ఏమో, గురి కూడా పోయే ప్రమాదముంది. నిజంగా కోత పనే సరదా అయితే, ఎవరో ఎప్పుడో కోసేసినది ఒకటి కొనుక్కో. దాని మీద నీ పనితనమంతా చూపించు, నేనే మెచ్చుకుంటాను.

ఇక ఇక్కడ ఉన్నవాళ్ళకు. వాడు చేయగలిగినది మనం చేయకూడదు. త్రీ నాట్ త్రీ ఇక్కడ మామూలు మనుషులకు లైసెన్సు ఇచ్చే తుపాకి కాదు. కానీ మన పల్లెల్లో పంట కాపలాకు లైసెన్సు తీసుకున్న పాత తుపాకులు కొన్ని ఇండ్లలో ఉన్నాయి. 1959 ఆయుధాల చట్టం ఆరో సెక్షను ప్రకారం లైసెన్సు లేకుండా గొట్టం పొట్టి చేయడమే నేరం. లైసెన్సుదారు పోయినాక "తాతది కదా" అని దూలం మీద దాచిపెట్టుకోవడం కూడా కుదరదు. దగ్గరి పోలీసు ఠాణాలోనో లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించి, వారసులు తమ పేరున దరఖాస్తు పెట్టుకోవాలి. భయపడి గొట్టం కోసి, నూతిలో పడేసి కథ ముగించినవాళ్ళ గురించి విన్నాను. ఆ అవసరం లేదు. దారి ఉంది.

మనం ఊరు విడిచి వచ్చి ఎన్నో తరాలైనవాళ్ళం. ఇక్కడి బళ్ళలో మన పాఠం లేదు, ఇక్కడి చరిత్రలో మన పేరు ఎక్కడో ఒక మూల. మనం ఎవరమో చెప్పేవి ఇంట్లో మిగిలిన నాలుగు వస్తువులే. వాటి మీద గీతలు, సొట్టలు, అంకెలు ఉంటాయి. చూసేదానికి బాగుండవు. కానీ మాట్లాడేవి అవే. రంగు కొట్టే ముందు, కోసే ముందు, కనీసం ఒక ఫోటో తీయండి, అంకెలు ఒక కాగితం మీద రాసుకోండి.

మావోడు ఇంకా ఏమీ తేల్చలేదు. పోయిన వారం ఫోన్ చేసి, "రంపం ఇంకా తియ్యలేదు చిన్నాయనా" అన్నాడు. బట్టు మూత తీసి చూసినాడట. నూనె బుడ్డి లోపలే ఉందట.