ఉక్కపోతలో నెమ్మదిగా ఉరకడం తప్పు కాదు

వార్షికోత్సవ సంచికలో చదువు గురించి, క్రమశిక్షణ గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను మాత్రం తెల్లవారుజామున మన తమ్ముళ్లు, చెల్లెళ్లు తీసే పరుగు గురించి నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాను. కానిస్టేబుల్ ఉద్యోగానికో, అగ్నివీర్‌కో తయారయ్యేవాళ్లు మన ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. వాళ్లకు సీనియర్లు చెప్పే మాట ఒకటే: "ప్రాణం పోయేదాకా ఉరకాలి." ఆ మాట తప్పని, వానాకాలంలోనైతే ప్రమాదమని నా అభిప్రాయం.

ఒకప్పుడు నేనూ ఆ మాట నమ్మినవాడినే. డిగ్రీ రెండో సంవత్సరంలో బొల్లారంలో చుట్టాలింట్లో ఉండి ప్రాక్టీసు చేశాను. రాష్ట్రపతి నిలయం ఉన్న చోటు కదా, ఆ చుట్టుపక్కల పెద్ద పెద్ద చెట్లు. వాటి కింద నడవడానికి పలకలు పరిచిన బాట. ఆగస్టు నెల. ఎండ లేదు, వాన లేదు, ఆకు కదలడం లేదు. ఎండ లేదు కదా అని మొదటినుంచే గట్టిగా ఉరికాను. మూడో కిలోమీటరు దగ్గర చొక్కా పిండితే నీళ్లు కారేటట్టుంది కానీ లోపల ఒళ్లు కాలిపోతోంది. రోమాలు నిక్కబొడుచుకుని చలి పుట్టింది. కళ్లు తిరిగి చెట్టు మొదట్లో కూలబడ్డాను. వాకింగుకు వచ్చిన ఒక పెద్దాయన చొక్కా విప్పించి, తల మీద, మెడ మీద నీళ్లు పోసి విసిరాడు. "ఎండ లేకపోతే వేడి లేదనుకున్నావా బిడ్డా?" అన్నాడు.

ఆ మాట వెనక ఉన్న సంగతి తర్వాత చదివి తెలుసుకున్నాను. మట్టికుండలో నీళ్లు వేసవిలో చల్లబడినట్టు వానాకాలంలో చల్లబడవు. కుండ పైకి ఊరిన తడి ఆవిరైతేనే కదా లోపలి నీళ్లు చల్లబడేది! మన ఒళ్లూ అంతే. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలో క్యాలరీల వేడి పోతుంది. నేలమీద కారిపోయిన చెమట వల్ల ఆ లాభం లేదు. మన దగ్గర ఆగస్టు ఉదయాల్లో గాలిలో తేమ 80 శాతం దాటడం మామూలే. అప్పుడు చెమట కారుతుంది కానీ ఆరదు. వేడిని బయటికి పంపడానికి గుండె మరింత గట్టిగా కొట్టుకోవాలి. అదే వేగానికి ఆయాసం ఎక్కువ అవుతుంది. అది మన బద్ధకం కాదు, వాతావరణం.

మరి పరీక్ష సంగతేమిటి అంటారు. తెలంగాణ పోలీసు నియామకాల 2022 నోటిఫికేషన్ ప్రకారం అబ్బాయిలు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, అమ్మాయిలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో ముగించాలి. 1600 అంటే 400 మీటర్ల ట్రాకు మీద నాలుగు రౌండ్లు. ఒక్కో రౌండుకు 1 నిమిషం 48 సెకన్లు వస్తాయి. మనవాళ్లు చాలామంది మొదటి రౌండు బాణంలా వెళ్లి నాలుగో రౌండులో నడుస్తారు. అక్కడ కావలసింది నిలకడ. ఆ నిలకడ నెమ్మది పరుగుతోనే అలవడుతుంది.

వారంలో ఎక్కువ రోజులు పక్కవాడితో మాట్లాడగలిగే వేగంతో అరగంట ఉరకండి. మాట తెగిపోతుంటే వేగం తగ్గించండి. గట్టి పరుగు వారానికి ఒకటి రెండు రోజులు చాలు. ఉక్కపోతకు ఒళ్లు అలవాటు పడటానికి పది పదిహేను రోజులు పడుతుంది. పలకల మీద పాచి పట్టిన చోట జాగ్రత్త. తల తిరిగినా, వాంతి వచ్చేటట్టున్నా, చలి పుట్టినా వెంటనే ఆగిపోండి. తోటివాడు తికమకగా మాట్లాడితే నీడకు చేర్చి, ఒంటిమీద నీళ్లు పోస్తూ, విసురుతూ 108కి ఫోన్ చేయండి.

మన గురుకులాల్లో చదివిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కినప్పుడు ఆమెకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. భువనగిరి గుట్ట మీద మొదలుపెట్టి, డార్జిలింగ్, లడఖ్‌లలో శిక్షణ పొంది ఆ తర్వాత అక్కడికి వెళ్లింది. పలచని గాలికైనా, తడి గాలికైనా ఒంటికి సమయం ఇవ్వాల్సిందే. అలా సమయం ఇచ్చినవాళ్లను పిరికివాళ్లని ఎవరైనా అంటారా?

మనం ఎందుకు పడిపోయేదాకా ఉరుకుతామో నాకు తెలుసు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడిని నేనే. ఆ రోజు పడిపోయిన సంగతి ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు. మన దగ్గర డబ్బు లేదు, సిఫారసు లేదు, ఉన్నది కష్టపడే ఒళ్లు ఒక్కటే అనుకుంటాం. అది నిజమే అనుకుందాం. ఉన్న ఒక్క ఆస్తిని ఎవరైనా పాడుచేసుకుంటారా?

అందుకే వార్డెన్ సార్లకు, సీనియర్లకు నా మనవి. ప్రాక్టీసుకు వెళ్లే పిల్లల వెంట నీళ్ల క్యాను ఒకటి పంపండి. తిరిగి వచ్చాక ఉప్పు వేసిన మజ్జిగ ఇప్పించండి. ఒంటరిగా ఎవరినీ పంపకండి. గుంపులో అందరికన్నా వెనకబడేవాడిని ముందు నిలబెట్టి, అతని వేగంతో అందరినీ ఉరికించండి. ఉక్కపోత రోజున అదే సరైన వేగం. అట్లా ఉరికితే మరునాడు తెల్లవారుజామున అందరూ మళ్లీ లేచి వస్తారు.