సంక దిగినగాని నడక రాదు

కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతముల పల్లెలలో బిడ్డకు నడక ఆలస్యమైనప్పుడు అవ్వలు చెప్పు ఊరట యొకటి కలదు: "వీని నాయన గూడ రెండేండ్లకు నడిచిండు, తొందరేంది?" శిశువులందరు ఒకే ఈడున అడుగు వేయరన్నది నిజమే. భారతదేశముతో కూడ ఐదు దేశముల శిశువులను పరిశీలించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో వెల్లడించిన దానినిబట్టి, 8 నెలలు దాటినది మొదలు 18వ నెల ముగియులోపల బిడ్డ ఎప్పుడైనను తనంత తాను నడువవచ్చును. ఆ గడువు దాటియు నడువనిచో వైద్యునికి చూపవలెను. అవ్వ ఓదార్పు అంతకుమించి పనికిరాదు.

అయితే ఆలస్యముకంటె ఎక్కువ కీడు చేయునది జాలి. తల్లి చాట ఒడిలో నుంచుకొని బీడీలు చుట్టుచుండును. తమ్ముడు పడునేమోయని అక్క వానిని రోజంతయు సంకనుండి దింపదు. దింపినను గోడమూలకు చేర్చి కూర్చుండబెట్టును. ప్రేమతో చేయు పనియే. కాని దానివలన బిడ్డ కోల్పోవునది చాల యెక్కువ. నిలుచున్నవాడు ఒకప్రక్కకు ఒరిగినప్పుడు మెదడు ఆ సంగతి గ్రహించి, తగిన కండరములను బిగించి దేహమును నిలుపును. వేలమారులు ఒరిగి తమాయించుకొన్న పిమ్మటనే ఆ నేర్పు అలవడును. సంకనున్న బిడ్డ ఒరుగడు, కావున నేర్వడు.

కదలకుండ నుంచి కదలిక తెప్పింప జూచుట ఎంత విపరీతము! 2019 డిసెంబరు 26న, సూర్యగ్రహణ సమయమున, కర్ణాటకలోని కలబురగి సమీపమున వైకల్యము పోవునని నమ్మి పిల్లలను మెడవరకు మట్టిలో పాతిరి. నాగరికుల పొరపాటులును లేకపోలేదు. బిడ్డను నడుమ కూర్చుండబెట్టు చక్రముల వాకరు నడక నేర్పదు, ప్రమాదములు తెచ్చును. కెనడా దేశము 2004లో దాని అమ్మకమునే నిషేధించినది. ఊరి వడ్రంగి చేయు మూడు చక్రముల కొయ్యబండి అంతకంటె మేలు. దానిని పట్టుకొని బిడ్డ తన బరువును తానే మోయును. బండి జారిపోకుండ ఎదుట ఒకరుండిన చాలును.

తెలంగాణలోని భవిత కేంద్రములలో ఇట్టి పిల్లలకు తగిన వ్యాయామములు చూపుదురు. కాని ప్రతిదినము అభ్యాసము జరుగవలసినది ఇంటి వాకిటనే. అరుగుమీద నిర్మల కొయ్యబొమ్మ నుంచినచో బిడ్డ లేచి అందుకొన జూచును. క్రింద నుంచినచో వంగి, కూర్చుండి, మరల లేచును. అక్క రెండడుగుల దూరమున చేతులు చాచి నిలువవలెను. వాడు తూలినను వెంటనే ఎత్తరాదు. పట్టుకొనుటకు సిద్ధముగ నుండవలెను. ఇది ఎత్తుకొనుటకంటె కష్టమైన పని.

మెదడునకు కలిగిన హానివలన కొందరు ఎన్నడును ఊతములేక నడువలేకపోవచ్చును. వారికి కర్రయో, చక్రముల కుర్చీయో కావలెను. అదియు ఓటమి కాదు. తాను కోరిన చోటికి తాను పోవుటయే అక్కడ ముఖ్యము. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 6 మొదలు 18 ఏండ్లవరకు వారికి ఉచిత విద్య పొందు హక్కు నిచ్చినది. చట్టము బడి తలుపు తెరచును గాని, ఆటలో చోటు ఈయలేదు. అది తోటిపిల్లల చేతిలోనిది. పడినవానిని జూచి ఒకడు నవ్వినచో, ఆరు నెలల సాధన ఆ ఒక్క క్షణమున చెడును. మరునాడు వాడు గోడను వదలడు.

గడప దాటుటకు తమ్మునికి ఐదు నిమిషములు పట్టినచో, అక్క ఐదు నిమిషములు ముందుగా పుస్తకముల సంచి తగిలించుకొని వాకిట నిలువవలెను.