బుద్ధిమంతుల జాబితాలో భయస్థులు

ఫోబియా అనదగిన భయాలు పిల్లల్లో, కౌమారుల్లో ఎంత విస్తారంగా ఉన్నాయన్న ప్రశ్నకు దొరికే అంకెలు ఒకదానికొకటి పొసగవు. అమెరికాలో 13 నుంచి 18 ఏళ్లవారిని ముఖాముఖి ప్రశ్నించి 2010లో ప్రచురించిన జాతీయ అధ్యయనం, కుక్క, ఎత్తు, సూది వంటి ఏదో ఒక విషయానికే పరిమితమైన ‘నిర్దిష్ట ఫోబియా’కు అప్పటిదాకా ఎప్పుడో ఒకప్పుడు లోనైనవారు 19 శాతానికి పైగా ఉన్నారని తేల్చింది. బెంగళూరులోని నిమ్హాన్స్ 2015-16లో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలోనైతే 13–17 ఏళ్లవారిలో ఆందోళన రుగ్మతలన్నీ కలిపినా 3.6 శాతమే. మొదటిది జీవితకాలపు లెక్క, రెండోది సర్వే నాటి స్థితి, ప్రశ్నావళులూ వేరు. అయినా ఆ తేడాలో కొంత భాగానికి మరో కారణమూ ఉండవచ్చు: అల్లరి చేసే జబ్బు ఇంట్లోవారి కంట పడుతుంది, తప్పుకొని తిరిగే జబ్బు పడదు.

భయపడినంత మాత్రాన ఫోబియా కాదు. నాలుగైదేళ్ల వయసులో చీకటన్నా ఒంటరిగా పడుకోవడమన్నా జంకడం ఎదుగుదలలో భాగమే, చాలామందిలో అది దానంతటదే సద్దుమణుగుతుంది. ఆ భయం అసలు ప్రమాదానికి మించి ఉండి, సుమారు ఆరు నెలలకు పైగా కొనసాగి, చదువుకో ఆటకో వైద్యానికో అడ్డుపడినప్పుడే వైద్యులు దాన్ని రుగ్మతగా లెక్కిస్తారు. చిన్నపిల్లలు భయమని నోటితో చెప్పరు. ఏడుస్తారు, కొయ్యబారిపోతారు, తల్లి కొంగు వదలరు. జంతువుల భయం బాల్యంలోనే మొదలవుతుంది, నలుగురిలో మాట్లాడితే నవ్వుతారన్న సామాజిక భయం కౌమారంలో తలెత్తుతుంది, రెండూ ఆడపిల్లల్లోనే ఎక్కువగా నమోదవుతాయి.

బెంగాల్–నాగ్‌పూర్ రైల్వే నాటి నుంచి ఉత్తరాంధ్ర కుటుంబాలు స్థిరపడిన పశ్చిమ బెంగాల్ పట్టణం ఖరగ్‌పూర్‌లో, గోల్‌బజార్ వంటి ఇరుకైన సంతలో, కుక్కలంటే హడలిపోయే పిల్లవాడి దినచర్య ఎలా మారుతుందో ఊహించడం కష్టం కాదు. చేపల అంగళ్ల దగ్గర కుక్కలు ఉంటాయి కనుక ఆ సందు మానేస్తాడు, తరువాత ట్యూషనుకు తండ్రి బండి మీద దింపుతాడు, ఆపైన సాయంత్రం ఆటే ఆగిపోతుంది. జడుసుకున్నాడని పెద్దవాళ్లు తాయెత్తు కట్టిస్తే దానివల్ల వచ్చే నష్టమేమీ లేదు, పిల్లవాడికి కొంత ధీమా కూడా కలగవచ్చు. నష్టమంతా బండి దగ్గరే ఉంది. తప్పించుకున్న ప్రతిసారీ కలిగే ఉపశమనమే భయానికి మేత అవుతుంది, కుక్క కరవకుండా పక్కనుంచి వెళ్లిపోవడాన్ని చూసే అవకాశం పిల్లవాడికి దక్కదు. ప్రేమకొద్దీ చేసే ఈ సర్దుబాటును తప్పుపట్టడం కష్టమే కానీ, రోగం ముదరడంలో దాని వాటా తక్కువేమీ కాదు.

బడిలో కనిపించేది మరింత చిక్కు. ఇంట్లో తెలుగు, బజారులో హిందీ, బంగ్లా, తరగతిలో ఇంగ్లీషు వినే పిల్ల నోరు విప్పకపోతే ‘సైలెంట్, మంచి పిల్ల’ అని ఉపాధ్యాయులు ముచ్చటపడతారు. కొత్త భాష పట్టుబడేదాకా మౌనంగా ఉండటం సహజం, అది జబ్బు కాదు. కానీ ఇంట్లో గలగలా మాట్లాడే పిల్ల, భాష వచ్చాక కూడా, బడిలో నెలల తరబడి పెదవి కదపకపోతే దాన్ని సెలెక్టివ్ మ్యూటిజం, అంటే కొన్ని చోట్ల మాత్రమే మాట పెగలని స్థితి, అంటారు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో దీన్ని ఆందోళన రుగ్మతల్లో చేర్చింది. బహుభాషా పట్టణంలో ఈ రెంటినీ వేరు చేయడానికి ఉన్న తేలికైన మార్గం, ఆ పిల్ల బడిలో తెలుగు వచ్చిన తోటివారితోనైనా మాట్లాడుతోందో లేదో గమనించడం. తెలుగులో కూడా గొంతు పెగలకపోతే భాషను నిందించి లాభం లేదు.

చికిత్స కొత్తది కాదు. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వవేత్త, కుందేలంటే బెదిరే మూడేళ్లలోపు పీటర్‌కు ఇష్టమైన తినుబండారం పెడుతూ కుందేలును మెల్లమెల్లగా దగ్గరకు తెచ్చి, చివరికి అతడు దాన్ని నిమిరేలా చేసింది. భయపెట్టే వస్తువును మెట్టుమెట్టుగా ఎదుర్కోవడమనే ఆ పద్ధతి నేటికీ చికిత్సకు మూలాధారం. స్వీడన్‌కు చెందిన లార్స్ గోరాన్ ఓస్ట్ దాన్ని మూడు గంటల వరకు సాగే ఒకే విడతకు కుదించాడు. బలవంతంగా కుక్క ముందుకు తోయడం మాత్రం చికిత్స కాదు, మొరటుతనం. సూది భయంలో ఒక విశేషం ఉంది: గుండె వేగం, రక్తపోటు పెరిగి ఒక్కసారిగా పడిపోవడంతో కొందరు స్పృహ తప్పుతారు, అందుకే వారికి చేతుల, కాళ్ల కండరాలను బిగించడం నేర్పుతారు.

2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ టెలీ మానస్ సేవకు 14416 నంబరు ద్వారా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. అయితే ఫోన్ చేయాలంటే ముందు ఇంట్లో ఎవరికో ఒకరికి అనుమానం కలగాలి. ‘దేనికి భయపడుతున్నావు’ అని అడిగితే పదమూడేళ్ల పిల్లవాడు పరువు కోసం ‘దేనికీ లేదు’ అనే అంటాడు. ఏ సందు మానేశాడో, ఏ పీరియడ్‌కు కడుపునొప్పి వస్తుందో, ఎవరి పెళ్లికి రానన్నాడో గమనిస్తే సమాధానం అడగకుండానే దొరుకుతుంది.