వేమన కీర్తి యెవరి సొత్తు?

క్రీస్తుపూర్వము 399వ సంవత్సరమున ఏథెన్సు నగరము సోక్రటీసునకు విషపాత్ర నొసగెను. యువకులను చెఱచుచున్నాడనియు, నగరదేవతలను మన్నింపడనియు నేరము మోపిరి. ఆయన యొక్క గ్రంథమైనను వ్రాసినవాడు కాడు. ప్లేటో మొదలగు శిష్యులు ఆయన సంభాషణలను లిఖించి లోకమున కందిచ్చిరి. ఇరువదినాలుగు శతాబ్దములు గడచినను ఆ ప్రశ్నలు చావలేదు.

మన వేమనకు ప్లేటో వంటి శిష్యుడు లేడు, రాజాస్థానమును లేదు. పండితులు చిరకాలము ఆయనను కవుల పంక్తిలో కూర్చుండనీయరైరి. అచ్చుపుస్తకము రాకముందే ఆ పద్యములను కాపాడినది సామాన్యుల నోరు. 1820లో కడపకు వచ్చిన సి. పి. బ్రౌను దొర వ్రాతప్రతులను సేకరించి, 1829లో 693 పద్యములను ఆంగ్లానువాదముతో అచ్చొత్తించెను. 1839 నాటి ప్రతిలో అవి 1,164 అయ్యెను. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి ఉపన్యాసములు 1929లో గ్రంథరూపమున వెలువడెను. 1972లో తపాలాబిళ్ల వచ్చెను. 2006లో కడపయందు ఆయన పేర విశ్వవిద్యాలయమే వెలసెను.

కీర్తికి కొదువ లేదు. మఱి ఆ కీర్తిని మనమేమి చేయుచున్నాము? ఆయన జన్మస్థలము మన జమ్మలమడుగు చెంతనున్న గండికోట యని కొందఱు, కొండవీడని కొందఱు వాదింతురు. అంతటితో నాగక, కులమును తూలనాడిన వానినే కులమునకు జెండాగా నెత్తుచున్నారు! బడిపిల్లలకు ఉప్పును కర్పూరమును పోల్చిన పద్యము నేర్పుదుము; అంటరానితనమును, దొంగగురువులను, ఱాతిపూజను చీల్చిచెండాడిన పద్యములను మెల్లగా దాటిపోవుదుము. విగ్రహమునకు దండ వేసినవారే యింటికేగి కులము నడిగి నీళ్లిచ్చిన, అది సన్మానమా, పరిహాసమా?

జయంతులు జరుపనిచో పిల్లలకు పేరైనను తెలియదని కొందఱందురు. జయంతులు లేని కాలమున ఆ పేరు నెవరు మఱచిరి? గొఱ్ఱెలకాపరికి తెలిసిన పద్యమునకు సభాధ్యక్షుడు ప్రాణము పోయవలెనా? జయంతులు వలదని మేమనుట లేదు. చెవులు మూసికొని చేయు జయంతి వలదనుచున్నాము.

ఏథెన్సు సోక్రటీసు ప్రశ్నను విన్నది, భయపడినది, చంపినది. మనము వేమన ప్రశ్నను వినకయే దండ వేయుచున్నాము. మొదటి దానికంటె రెండవదే హెచ్చు అపచారమని మా నిశ్చితాభిప్రాయము. ఏలయన చంపబడిన ప్రశ్న మరల లేచును, పూజింపబడిన ప్రశ్న నిద్రించును.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పఠనమందిర సభ్యులారా! రాబోవు జనవరి 19వ తేదీని ఉపన్యాసముల నొకింత తగ్గించి, దాటిపోవుచున్న పద్యములనే బిగ్గరగా చదివింపుడు. పిమ్మట అన్ని పేటలవారును ఒక్కపంక్తిని కూర్చుండి భుజింపుడు. ఆ పంక్తికి జంకువారు దండను ముట్టకుందురుగాక! వేమన కీర్తి ఆయన మాటకు నిలిచినవారి సొత్తు. ఇతరులకు అది తీర్చని అప్పు.