2030లోపు మీ ట్రంకు పెట్టెలు ఒక్కసారి తెరవండి

కిషన్‌బాగ్‌లో బయల్దేరిన కుర్రాడు బడిగంట కొట్టే వేళకు గన్‌ఫౌండ్రీ చేరాలంటే బహదూర్‌పురా మీదుగా వెళ్లి పురానాపూల్ దగ్గర మూసీ దాటాలి. బేగంబజారు రద్దీలోంచి బయటపడి ఆబిడ్స్ అందుకోవాలి. అక్కడి నుంచి తోప్ కా సాంచా వైపు మళ్లాలి. ఫ్రెంచి సేనాని రేమండ్ 1786లో నిజాం సైన్యం కోసం ఫిరంగులు పోత పోయించిన చోటు అది. ఆ దారి చివర ఉన్న ఆల్ సెయింట్స్ హైస్కూలు పుట్టింది 1855లో. ఇంకొన్నేళ్లలో, అంటే 2030లో, దానికి 175 ఏళ్లు నిండుతాయి.

ఆ బడిలో గానీ, దాని చుట్టుపక్కల కాథలిక్ బళ్లలో గానీ చదువుకున్న కిషన్‌బాగ్, బహదూర్‌పురా, సిఖ్ ఛావ్నీ, తాడ్‌బన్ వాసులకూ, వాళ్ల పిల్లలకూ, మనవలకూ ఈ విజ్ఞప్తి. ఇంట్లో ఉన్న పాత బడి కాగితాలు, ఫొటోలు పారేయకండి. పాత సామాన్ల బండికి వేయకండి. ఒక్కసారి బయటికి తీసి, వాటి మీద ఎవరి పేరేమిటో రాసి, నకలు తీయించి బడికి అందేలా చూడండి.

ఎందుకో చెప్పాలంటే ముందు కథ కొంత చెప్పాలి.

హైదరాబాద్ ప్రాంతపు కాథలిక్ సంఘాన్ని మద్రాసు నుంచి విడదీసి వేరే వికారియేట్‌గా చేసింది 1851లో. దాని తొలి అధిపతి ఐర్లండ్ నుంచి వచ్చిన డేనియల్ మర్ఫీ. ఆయన ఉన్న రోజుల్లోనే, 1855లో, ఆల్ సెయింట్స్ మొదలైంది. ఇటలీలోని మిలాన్ నుంచి మిషనరీలు హైదరాబాద్‌లో అడుగుపెట్టిందీ ఆ ఏడాదే. బడికి రెండేళ్లు నిండకముందే 1857 తిరుగుబాటు వచ్చింది. ఆ ఏడాది జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో కోఠీలోని బ్రిటిషు రెసిడెన్సీ మీద దాడి జరిగింది. ఊళ్లో తెల్లవాళ్ల మీద ఆగ్రహం మండుతున్న కాలంలో తెల్ల పాద్రీలు పెట్టిన బడి నిలదొక్కుకుందంటే, తమ పిల్లల్ని అక్కడికి పంపడానికి జంకని స్థానిక కుటుంబాలు కొన్నయినా ఉండబట్టే. మర్ఫీ ఆ తర్వాత ఆస్ట్రేలియా వైపు వెళ్లారు. 1865లో హోబార్ట్‌కు బిషప్ అయ్యారు, చివరికి ఆర్చ్‌బిషప్ కూడా అయ్యారు. తొంభై ఏళ్లు దాటి బతికి 1907లో పోయారు. ఆయన నాటిన బడి మాత్రం ఇక్కడే ఉండిపోయింది.

మిగతావి ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఇటలీలోని ట్యూరిన్ నుంచి సెయింట్ ఆన్స్ సిస్టర్లు 1871లో సికింద్రాబాద్ చేరారు. గన్‌ఫౌండ్రీలో రోజరీ కాన్వెంట్ 1904లో వచ్చింది. హైదరాబాద్ 1953లో అగ్రమేత్రాసనం అయింది, జోసెఫ్ మార్క్ గోపు తొలి ఆర్చ్‌బిషప్. అదే ఏడాది మోంట్‌ఫోర్ట్ బ్రదర్స్ ఆబిడ్స్‌లో లిటిల్ ఫ్లవర్ హైస్కూలు తెరిచారు. ఊరిలో ఇంగ్లిషు చదువుకు వీటికన్నా ముందే పునాది పడింది. సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూలు తన పుట్టుకను 1834గా చెప్పుకుంటుంది. అయితే అది ఆంగ్లికన్ల బడి.

ఇంతవరకూ చెప్పింది బడి పెట్టినవాళ్ల చరిత్ర. అది దొరుకుతుంది. మిలాన్ మిషనరీల సంస్థ 1872 నుంచి సొంత పత్రిక నడిపింది. బిషప్పుల పేర్లు, వాళ్లు వచ్చిన సంవత్సరాలు, పోయిన సంవత్సరాలు చర్చి పుస్తకాల్లో పద్ధతిగా ఉన్నాయి. దొరకనిది రెండో సగం. అది పిల్లల్ని పంపినవాళ్ల చరిత్ర.

పాతబస్తీలో ఉండే ఒక ముస్లిం తండ్రి, దారుల్ ఉలూమ్ లాంటి బడి అందుబాటులో ఉండగా, కొడుకుని క్రైస్తవుల బడికి ఎందుకు పంపాడు? ఇంట్లో పెద్దవాళ్లేమన్నారు? నిజాం కొలువులో ఫారసీ పోయి 1880లలో ఉర్దూ వచ్చింది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలోనే పాఠాలు చెప్పేదిగా ఏర్పడింది. అలాంటి రాజ్యంలో ఇంగ్లిషు చదువు కోసం ఫీజు కట్టిన కుటుంబం లెక్క ఏమిటి? దానికి ఒక జవాబు నిజాం కాలేజీలో దొరుకుతుంది. 1887లో మొదలైన ఆ కాలేజీ మద్రాసు విశ్వవిద్యాలయం కింద నడిచింది. ఆ మెట్టు ఎక్కాలంటే ఇంగ్లిషు రావాలి. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లల సంగతి మరొకటి. సుల్తాన్‌బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901లో పుట్టేదాకా ఈ ఊళ్లో తెలుగు చదువరికి తనదంటూ ఒక గ్రంథాలయం లేదు. బడిలో ఇంగ్లిషు, బజారులో ఉర్దూ, ఇంట్లో తెలుగు. మూడింటినీ మోసుకు తిరిగిన పిల్లల అనుభవం ఏ బిషప్ ఉత్తరంలోనూ ఉండదు. కాథలిక్ పిల్లలు క్యాటకిజం తరగతికి వెళ్తే మిగతా పిల్లలు మోరల్ సైన్స్‌కు కూర్చోవడం ఈ బళ్లలో చాలాకాలంగా ఉన్న పద్ధతి. ఆ తరగతిలో హిందూ, ముస్లిం, సిక్కు పిల్లలు పక్కపక్కన కూర్చుని ఏం విన్నారో, ఇంటికెళ్లి ఏం చెప్పారో చెప్పగలిగింది వాళ్లే.

ఈ ప్రశ్నలు కిషన్‌బాగ్‌ను ప్రత్యేకంగా అడగడానికి కారణం ఉంది. ఒకవైపు గుడి, ఒకవైపు మసీదులు, మధ్యలో పంజాబు నుంచి వచ్చిన సిక్కు సిపాయిల వారసుల ఛావ్నీ, వెనక మీరాలం చెరువు, పక్కనే మూసీ. ఇన్ని రకాల ఇళ్లున్న బస్తీ నుంచి పిల్లలు ఒకే తరగతి గదిలోకి ఎలా చేరారన్న కథకు చర్చి దస్తావేజులకన్నా ఈ ఇళ్లలోని ట్రంకు పెట్టెలే గట్టి సాక్ష్యం.

ఆటగాళ్ల విషయంలో ఆ సాక్ష్యం బాగానే నిలిచింది. ఆల్ సెయింట్స్ పేరు చెప్పగానే హైదరాబాద్‌లో ఎవరికైనా గుర్తొచ్చేది క్రికెట్. సయ్యద్ ఆబిద్ అలీ సెయింట్ జార్జెస్‌లోనూ, ఆల్ సెయింట్స్‌లోనూ చదివారు. 1956లో ఆయన్ని హైదరాబాద్ స్కూల్స్ జట్టుకు ఎంపిక చేసింది బ్యాటింగ్ చూసో బౌలింగ్ చూసో కాదు, ఫీల్డింగ్ చూసి. ఆ కుర్రాడే 1967లో అడిలైడ్‌లో తొలి టెస్టులో 55 పరుగులిచ్చి ఆరు వికెట్లు తీశాడు. 1971లో ఓవల్‌లో భారత్‌ను గెలిపించిన బౌండరీ కొట్టింది కూడా ఆయనే. 2025 మార్చిలో అమెరికాలో కన్నుమూశారు. ఆ తర్వాతి తరంలో మహమ్మద్ అజారుద్దీన్ ఇదే బడి నుంచి వచ్చి, 1984-85లో ఇంగ్లండ్ మీద తొలి మూడు టెస్టుల్లోనూ సెంచరీలు కొట్టాడు. 110, 105, 122. లిటిల్ ఫ్లవర్ తన వంతుగా వి.వి.ఎస్. లక్ష్మణ్‌ను ఇచ్చింది.

ఇవన్నీ గర్వంగా చెప్పుకోవలసినవే. కానీ అజారుద్దీన్ పక్క బెంచీలో కూర్చున్నవాళ్లు, పదో తరగతి తప్పి మళ్లీ రాసి పాసై ఆర్టీసీలో చేరినవాళ్లు, తండ్రి దుకాణంలో కూర్చున్నవాళ్లు, గల్ఫ్‌కు వెళ్లి ఇల్లు కట్టినవాళ్లు ఈ ఆటగాళ్లకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. బడి అంటే ఎక్కువగా వాళ్లే. వాళ్లు లేకుండా 175 ఏళ్ల సంచిక వేస్తే అది కప్పుల అలమారా అవుతుంది గానీ బడి చరిత్ర కాదు.

ఒక్క క్లాసు ఫొటో తీసుకుని చూడండి. మందపాటి అట్టకు అంటించి ఉంటుంది, పైన పలచని బటర్ పేపర్. కుర్చీల్లో టీచర్లు, మధ్యలో తెల్ల అంగీలో బ్రదరో ఫాదరో. వెనక బెంచీల మీద నిలబడ్డ పొడుగువాళ్లు. ముందు నేల మీద బాసిపట్టు వేసుకుని కూర్చున్న పొట్టివాళ్లు, వాళ్లలో ఒకడి చేతిలో పలక. పలక మీద తరగతి, సెక్షన్, సంవత్సరం సుద్దతో రాసి ఉంటాయి. అదృష్టం ఉంటే అట్ట కింద పేర్లు అచ్చయి ఉంటాయి. లేకపోతే ఆ నలభై ముఖాల్లో పది పేర్లు చెప్పగలిగిన మనిషి ఇంట్లో ఒక్కరే ఉంటారు, ఆయనకు ఇప్పుడు డెబ్బై దాటి ఉంటుంది. ఆయన ఉన్నప్పుడే పక్కన కూర్చుని పేర్లు రాసుకోవాలి. పేర్లు పోయిన ఫొటో అట్ట ముక్కతో సమానం.

పనికొచ్చేది ఫొటో ఒక్కటే అనుకోవద్దు. ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న సంతకం ఏ లిపిలో ఉందో చూడండి. ఉర్దూలోనా, తెలుగులోనా, ఇంగ్లిషులోనా, లేక వేలిముద్రా? ఒక ఇంట్లో చదువు ఏ తరంలో అడుగుపెట్టిందో ఆ ఒక్క సంతకం చెబుతుంది. తాతల కాలపు ఫీజు రసీదు దొరికితే, అది నిజాం నాణెమైన హాలీ సిక్కాలో ఉందో బ్రిటిషు రూపాయిల్లో ఉందో గమనించండి. ఏడు హాలీ రూపాయిలు ఆరు బ్రిటిషు రూపాయిలకు సమానంగా చెల్లిన రోజులవి, హాలీ నాణెం 1959లో పూర్తిగా రద్దయ్యేదాకా. బడి పత్రిక, వార్షికోత్సవం ఆహ్వానం, బహుమతిగా ఇచ్చిన పుస్తకం లోపలి అట్ట మీద అంటించిన చీటీ, క్రికెట్ స్కోరు పుస్తకం, ఆఖరికి అట్ట చిరిగిన నోటుబుక్కు కూడా కావలసినవే.

కాగితం ఈ బస్తీలో ఎక్కువకాలం నిలవదు. మూసీ ఒడ్డున బతికేవాళ్లకు ఆ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. 1908 సెప్టెంబరు 28 వరదలో వేలమంది ప్రాణాలు పోయాయి, ఇళ్లతో పాటు ఇళ్లలోని దస్తావేజులూ కొట్టుకుపోయాయి. ఆ తర్వాతే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. 2020 అక్టోబరు వానలకు పాతబస్తీ కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. 2025 సెప్టెంబరులో మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్టాండులోకి, చాదర్‌ఘాట్ ఇళ్లలోకి వచ్చింది. నీళ్లు దిగాక జనం మొదట ఆరబెట్టేది పరుపులు, బియ్యం. సర్టిఫికెట్లు గుర్తొచ్చేసరికి సిరా అలుక్కుపోయి ఉంటుంది. వరద రాని ఇంట్లో చెద, వెండిచేప పురుగు, గోడ చెమ్మ ఆ పని నెమ్మదిగా చేస్తాయి.

అలాగని పాత కాగితాన్ని లామినేషన్ చేయించకండి. వేడికి సిరా చెడుతుంది, తర్వాత ఆ ప్లాస్టిక్‌ను విడదీయడం కుదరదు. చిరిగినచోట టేపు అంటించవద్దు. కొన్నేళ్లకు అది పసుపు మరకై కాగితాన్ని తినేస్తుంది. ఫొటో వెనక బాల్‌పెన్నుతో గట్టిగా రాస్తే గుర్తు ముందువైపు ముఖాల మీద తేలుతుంది, మెత్తటి పెన్సిల్‌తో నెమ్మదిగా రాయండి. ఎడమ నుంచి కుడికి, వరుసవారీగా. ఫోనుతో నకలు తీసేటప్పుడు ఎండలో కాకుండా నీడలో, ఫ్లాష్ లేకుండా, కాగితం నాలుగు మూలలూ కనిపించేలా తీయండి. అసలు మీ దగ్గరే ఉంచుకోండి. బడి ఆఫీసుకు ముందుగా వెళ్లి అడిగి, నకలు ఇచ్చి, ఇచ్చినట్టు రాయించుకోండి.

ఒక జాగ్రత్త. టీసీలోనూ, మార్కుల జాబితాలోనూ పుట్టినతేదీ, కులం, తండ్రి పేరు, చిరునామా ఉంటాయి. వాటిని వాట్సాప్ గ్రూపుల్లోనూ ఫేస్‌బుక్‌లోనూ పెట్టకండి. ఇతరుల కాగితమైతే వాళ్లను అడగందే ఎవరికీ ఇవ్వకండి.

ఆడపిల్లల బళ్ల గురించి విడిగా చెప్పాలి. రోజరీ కాన్వెంట్‌లోనూ, సెయింట్ ఆన్స్‌లోనూ చదివిన పాతబస్తీ ఆడవాళ్ల కథ ఇంకా పలచగా మిగిలింది. పెళ్లయ్యాక ఇంటిపేరు మారుతుంది, ఊరు మారుతుంది, పూర్వ విద్యార్థుల జాబితాలో పాత పేరుతో వెతికితే దొరకరు. పుస్తకాలు పుట్టింట్లో ఉండిపోతాయి, వదినలు ఇల్లు సర్దినప్పుడు పోతాయి. కాబట్టి ఇంట్లో అమ్మమ్మ, నానమ్మ, నానీ, దాదీ ఏ బడికి వెళ్లారో ఈ వారమే అడగండి. ఎవరు దింపేవాళ్లు, రిక్షానా బస్సా, పరదా కట్టిన బండా? ఎన్నో తరగతిలో మాన్పించారు, ఎందుకు? ఫోనులో రికార్డు చేయండి. ఆమె తెలుగులో చెబితే తెలుగులో, దక్కనీలో చెబితే దక్కనీలో ఉంచండి, మీరు సరిదిద్దకండి. మాన్పించిన సంగతి చెప్పడానికి ఇష్టపడకపోతే బలవంతం చేయవద్దు.

బళ్లు నడిపేవాళ్లకూ ఒక మనవి. అడ్మిషన్ రిజిస్టర్లే ఏ బడికైనా మొదటి చరిత్ర పుస్తకాలు. పేరు, తండ్రి పేరు, చేరిన తేదీ, అంతకుముందు చదివిన బడి, విడిచిన తేదీ. ఒక్కో వరుసలో ఒక్కో జీవితం మొదలు కనిపిస్తుంది. వాటిని ముందు డిజిటల్ నకలు తీయించండి. పాత విద్యార్థులు కాగితాలు పట్టుకుని గేటు దగ్గరికి వస్తే, తీసుకునే మనిషి ఒకరు, రాసుకునే పుస్తకం ఒకటి ఉండేలా చూడండి. కిషన్‌బాగ్ నుంచి రెండు బస్సులు మారి వచ్చిన పెద్దాయన్ని సెక్యూరిటీ గది దగ్గరి నుంచే వెనక్కి పంపకండి.

అమెరికాలోనో, జెడ్డాలోనో, దుబాయ్‌లోనో ఉన్న పూర్వ విద్యార్థులు ఈసారి ఇంటికి ఫోను చేసినప్పుడు అటక మీది పెట్టె సంగతి అడగాలి. ఇక్కడ ఉన్నవాళ్లు ఈ ఆదివారమే దాన్ని కిందికి దించాలి. దొరికింది ఒక్క ఫొటోనే అయినా, దాని వెనక పేర్లు రాసి గన్‌ఫౌండ్రీకి తీసుకెళ్లండి.