ఉపవాసం రోజు బర్గరా? బన్ను మారిస్తే సరి!

ఉపవాసం అంటే ఒక్కో ఇంట్లో ఒక్కో రూలు. మన దగ్గర చాలామందికి అన్నం మానేస్తే చాలు, ఉప్మా, చపాతీ ఫలహారం కిందే లెక్క. అదే ఉత్తరాదిలో నవరాత్రి వ్రతమంటే గోధుమ, బియ్యం, పప్పులు, ఉల్లి, వెల్లుల్లి, మామూలు ఉప్పు... అన్నీ బంద్! ఆలూ, సగ్గుబియ్యం, ఊదలు, పెరుగు, సైంధవ లవణం ఓకే. ఆ లిస్టుకి సరిపోయేలా బర్గర్ చేస్తే, రూమ్‌లో ఉన్న ఢిల్లీ ఫ్రెండ్‌కీ పెట్టొచ్చు, ఇంట్లో అమ్మమ్మకీ పెట్టొచ్చు.

అసలు చిక్కు టిక్కీతో కాదు, బన్నుతో. బేకరీ బన్ను అంటే మైదానే కదా. అందుకే మన దిబ్బరొట్టె పద్ధతి పట్టుకుందాం.

బన్ను (4 బర్గర్లకు): కప్పు ఊదలు, పావు కప్పు సగ్గుబియ్యం 4 గంటలు నానబెట్టి, అర కప్పు పెరుగుతో గట్టిగా రుబ్బండి. కాస్త సైంధవ లవణం కలిపి, పెనం మీద అరచేతి సైజులో మందంగా 8 రొట్టెలు వేయండి. మూతపెట్టి, సన్నమంట మీద రెండు వైపులా కాల్చాలి. మీ ఇంట్లో ఊదలు కూడా ధాన్యమే అంటారా? చిలగడదుంపను మందపాటి చక్రాలుగా కోసి, నేతిలో వేయించండి. అదే బన్ను!

టిక్కీ: అర కప్పు సగ్గుబియ్యం నానాక నీళ్లు పూర్తిగా వంపేయండి. తడి ఉంటే టిక్కీ విడిపోతుంది. ఉడికించిన 3 ఆలూ, పావు కప్పు వేయించిన పల్లీల పొడి, 2 పచ్చిమిర్చి, అల్లం, జీలకర్ర, సైంధవ లవణం వేసి మెదిపి, 4 టిక్కీలు చేసి పెనం మీద ఎర్రగా కాల్చండి.

సాస్: కెచప్, మయోనీజ్ సీసాల్లో ఉల్లి, వెల్లుల్లి తరచుగా ఉంటాయి. లేబుల్ చదవాల్సిందే. ఆ గొడవెందుకు? కప్పు పెరుగుని గంటసేపు గుడ్డలో వేలాడదీసి, కొత్తిమీర, పచ్చిమిర్చి ముద్ద కలపండి. మధ్యలో రెండు కీరా ముక్కలు పెడితే బర్గర్ రెడీ.

ఒక్క మాట. 'ఉపవాసం ఫుడ్డే కదా, ఎంత తిన్నా పర్లేదు' అనుకోకండి. సగ్గుబియ్యం కర్రపెండలం నుంచి వచ్చే పిండిపదార్థం, ఆలూ కూడా దాదాపు అంతే. సైంధవ లవణంలోనూ ఉండేది ప్రధానంగా సోడియం క్లోరైడే, కాబట్టి బీపీ ఉన్నవాళ్లు అదీ లెక్కగానే వాడాలి. షుగర్ మందులు వేసుకునేవాళ్లు ఉపవాసం ముందే డాక్టర్‌ని అడగాలి.

పొద్దుటి నుంచి ఖాళీ కడుపుతో ఉంటే ముందు గ్లాసు మజ్జిగ తాగి, పది నిమిషాలాగి తినండి. అప్పుడు ఒక్క బర్గర్‌తోనే కడుపు నిండుతుంది. రెండోది పక్కవాళ్లకి ఇచ్చేయండి!